అడవిని కాపాడుతూనే పక్క ఊళ్లవాళ్లకి బతుకుతెరువు చూపించడం ట్రైనింగ్‌తో అయ్యే పనేనా?

అవుతుంది, కానీ ఒక్క ట్రైనింగ్‌తోనే కాదు. కేరళలోని పెరియార్ టైగర్ రిజర్వ్ సంగతి చూడండి. 1990ల చివర్లో ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన ఎకోడెవలప్‌మెంట్ (అడవి రక్షణ, పక్క ఊళ్ల బతుకుతెరువు రెండూ కలిపి చూసే) ప్రాజెక్ట్ కింద అటవీశాఖ ఏం చేసిందంటే, అప్పటిదాకా దొంగచాటుగా అడవి దాల్చిన చెక్క ఒలిచి అమ్ముకుంటున్నవాళ్లనే పిలిచి మాట్లాడి, వాళ్లతో ఒక కమిటీ పెట్టించి, టూరిస్టులను అడవిలో తిప్పే గైడ్లుగా మార్చింది. అడవి దారులు వాళ్లకి కొత్తగా నేర్పేదేముంది, అధికారులకే వాళ్లు నేర్పగలరు! ఇలాంటివాళ్లకి కావలసింది టూరిస్టులతో మాట్లాడటం, ప్రథమ చికిత్స, లెక్కలు రాసుకోవడం. టూరిస్టులు కట్టే డబ్బులోంచి వాళ్లకి ఆదాయం వస్తుంది, పనిలో పనిగా గస్తీ కూడా అయిపోతుంది.

ప్రాజెక్ట్ డబ్బు అయిపోయాక పని ఆగకుండా 2004లో పెరియార్ ఫౌండేషన్ అనే ప్రభుత్వ ట్రస్టు పెట్టారు. నా లెక్కలో అసలు కిటుకు ఇదే, ఎందుకంటే చాలా స్కీముల్లో ఫండ్స్ ఆగగానే కమిటీలు కాగితాల మీదే మిగులుతాయి, సర్టిఫికెట్లు మాత్రం భద్రంగా ఉంటాయి. మన నల్లమలలో చెంచులను పులుల రక్షణకు బేస్ క్యాంపుల్లో వాచర్లుగా పెట్టుకోవడం కూడా దాదాపు ఇదే దారి.