ట్రాలీ తగిలించే ముందు ఒకసారి చదువు, అల్లుడా

అల్లుడా,

ట్రాక్టర్ తీసుకున్నావని, ఈ వానాకాలం పంటకు ఐకేపీ కొనుగోలు సెంటర్ నుంచి మిల్లుకు వడ్లు కిరాయికి తోలతానంటున్నావని అక్క ఫోన్లో చెప్పింది. సంతోషమేసింది, ఊళ్లో నలుగురికీ చెప్పుకున్నాను కూడా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు దున్నుతుంటే చూశాను, చెయ్యి మంచిదే, కానీ చెలకలో దున్నడం వేరు, వెనక ట్రాలీ తగిలించుకుని రోడ్డెక్కడం వేరు.

టైర్లలో గాలి, వెనక లైట్లు, ఎర్ర స్టిక్కర్లు నీకు తెలిసినవే.

బస్తా 40 కిలోలు. వంద బస్తాలేస్తే 4 టన్నులు, ట్రాలీ బరువు అదనం. నీ ట్రాక్టర్ 2 టన్నులో, కొంచెం అటూ ఇటో. మన ట్రాలీల్లో చాలావాటికి బ్రేకులే ఉండవు, అంత బరువునూ నీ ట్రాక్టరే ఆపాలి. ఎత్తు ఎక్కేటప్పుడు అది వెనక్కి లాగుతుంది, ఆ సంగతి నీకు వెంటనే తెలుస్తుంది. దిగుడులో తోస్తుంది చూడు, అది తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

బస్తాలు ముందు నుంచి పేర్పించు, ఇరుసుకు కాస్త ముందు బరువుండాలి. హమాలీలు తొందరగా అయిపోవాలని వెనక డోర్ దగ్గరే గుట్ట పోస్తారు, అలా వేస్తే హుక్కు పైకి లేచి పెద్ద టైర్లకు పట్టు పోతుంది, ట్రాలీ అటూ ఇటూ ఊగుతుంది. మరీ ముందుకు వేసినా తప్పే, ముందు టైర్లు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు. ఊగడం మొదలైతే కంగారుపడి స్టీరింగ్ తిప్పకు, ఎక్సలేటర్ వదిలి స్టీరింగ్ తిన్నగా పట్టుకో.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్న కాలు కుంటుతాడు కదా, రోడ్డు బాగాలేక ట్రాక్టర్ మీంచి పడ్డానని అందరికీ చెప్తాడు. రోడ్డు బాగానే ఉండింది. నడిపింది నేను.

అప్పటికి నువ్వు పుట్టలేదు. పొద్దున చెలక దున్నాను, మలుపుల కోసం కుడి టైరు బ్రేకు, ఎడమ టైరు బ్రేకు విడదీసి వాడతాం కదా, రోడ్డెక్కేటప్పుడు వాటిని కలిపే లాక్ వేయడం మరిచాను. బావ మడ్‌గార్డ్ మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. చెరువు కట్ట దాటాక దిగుడు వస్తే, డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేశాను. పెద్ద తెలివనుకునేవాణ్ణి. ఇంజిన్ పట్టు పోయింది, ట్రాలీ తోసుకొచ్చింది, ఎదురుగా గొర్రెల మంద. భయంతో బ్రేకు తొక్కితే కాలు కుడి పెడల్ మీదే పడింది. ట్రాక్టర్ కుడికి తిరిగింది, ట్రాలీ నేరుగా వచ్చి మీదికి మడతపడింది. బావ మడ్‌గార్డ్‌కీ ట్రాలీకీ మధ్య పడ్డాడు. వడ్లన్నీ రోడ్డు మీద ఒలికిపోయాయి, నేను వాటినే చూస్తూ నిలబడ్డాను అల్లుడా, బావ పిలిచేదాకా.

ఇన్నేళ్లలో ఒక్క మాట అనలేదాయన. 2018లో వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది పోయిన రోజు, ఇద్దరం కలిసి టీవీ చూస్తున్నాం. ఆయన లేచి బయటికెళ్లాడు. నేను లేవలేకపోయాను.

అందుకే, ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగు, దిగుడు మొదలవకముందే గేర్ వేసుకో, మధ్యలో క్లచ్ తొక్కావంటే న్యూట్రల్ చేసినట్టే. రోడ్డెక్కే ముందు కిందికి వంగి బ్రేకుల లాక్ కంటితో చూడు, వేశాననుకోవడం కాదు. ఎప్పుడూ తొందరే నీకు, చిన్నప్పుడు అన్నం కూడా నిలబడే తినేవాడివి, అందుకే ఇంత చెప్తున్నాను.

దసరాకి వస్తా, కొబ్బరికాయ కొట్టాక ఖాళీ ట్రాలీతో రివర్స్ నేర్పిస్తాను, స్టీరింగ్ ఎడమకు తిప్పితే ట్రాలీ కుడికి పోతుంది, మొదట నవ్వొస్తుంది, తర్వాత ఏడుపొస్తుంది. మీ నాన్న మొదటి ట్రిప్పుకి మడ్‌గార్డ్ మీద ఎక్కుతానంటాడు. ఎక్కనివ్వకు. తిడతాడు, తిట్టించుకో.

మీ మామ