గట్టిగా కట్టకూడని మూడు చోట్లు

ఒరే అల్లుడూ,

లిస్టులో నీ పేరు వచ్చిందని, నర్సింగ్ అసిస్టెంట్‌గా లక్నోలో ఆర్మీ మెడికల్ కోర్ (ఏఎంసీ) సెంటర్‌కి పోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెప్పి ఏడ్చింది కూడా. నేనేమో సాయంత్రం దాకా వీధంతా తిరిగి గొప్పగా చెప్పుకున్నాను, రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నా.

గ్లవ్స్ వేసుకోవడం, కాల్పులు జరుగుతుంటే ముందు చాటుకి లాగడం, రక్తం ఆపడానికి చేతికో కాలికో బిగించే టార్నికే పట్టీ కట్టిన టైము రాయడం, ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేలా తయారు చేస్తారు నిన్ను. నా భయం వేరే. నువ్వు పుత్తూరు పిల్లోడివి. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు పెట్టి బిగించే కట్టు కోసం తమిళనాడు నుంచి కూడా జనం మన ఊరికి రావడం చూస్తూ పెరిగావు. దెబ్బ అంటే బిగించి కట్టాలి అన్నది మన రక్తంలో ఉంది. తల, కన్ను, కడుపు, ఈ మూడు చోట్ల ఆ అలవాటు పనికిరాదు.

తల సంగతి చూడు. నెత్తి చర్మం చిన్నగా చీలినా రక్తం ధార కడుతుంది, దానికి హడలిపోవద్దు. కింద ఎముక గట్టిగా ఉంటే ఒత్తిపట్టుకో, మెత్తగా లోపలికి దిగినట్టుంటే ఒత్తకుండా గుడ్డ వదులుగా కప్పు. చెవిలోంచో ముక్కులోంచో పల్చటి నీళ్ళు కారుతుంటే అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు, దూది కుక్కకు. మెడకి కూడా దెబ్బ తగిలిందనే అనుకో. వాంతి చేసుకుంటే మెడ మెలిపడకుండా మనిషి మొత్తాన్ని ఒకేసారి పక్కకి దొర్లించు. అరుస్తున్నాడు పాపం అని నొప్పి తగ్గించే మార్ఫిన్ పొడవకు, ఊపిరి మందగిస్తుంది, స్పృహ దెబ్బ వల్ల తగ్గుతోందో మందు వల్ల తగ్గుతోందో నీకు తెలియకుండా పోతుంది. అన్నిటికన్నా మోసం చేసేవాడు ఎవడంటే "నాకేం కాలేదు" అని లేచి కూర్చునేవాడు. పుర్రె లోపల నిదానంగా రక్తం చేరుతుంటే మొదట బాగానే మాట్లాడి తర్వాత కుప్పకూలిపోతాడు. స్పృహ ఎంత ఉందో కొలిచే గ్లాస్గో స్కేల్ 15 నుంచి 3 దాకా నేర్పుతారు కదా, ఒక్కసారి వేసిన నంబరుతో ఏమీ తేలదు, అది దిగుతోందా లేదా అన్నదే చూడాలి. మాటిమాటికీ చూడు, కంటిపాపలు రెండూ ఒకే సైజులో ఉన్నాయా చూడు, టైముతో సహా రాయి.

కంట్లో ముక్క గుచ్చుకుంటే పీకొద్దు, కడగొద్దు, దాని మీద దూది పెట్టి కట్టొద్దు. కనుగుడ్డు చిట్లి ఉంటే రవ్వంత ఒత్తిడికి లోపలిది బయటికి రావచ్చు, ఆ చూపు ఇక తిరిగి రాకపోవచ్చు. మూసే ముందు వేళ్ళు కనిపిస్తున్నాయా, వెలుతురైనా తెలుస్తోందా అని అడిగి రాసుకో. తర్వాత గట్టి ఐ షీల్డ్, అది లేకపోతే పేపర్ టీ కప్పు అడుగు ముక్క కోసి తీసి దాన్ని బోర్లించు, అంచు కనుబొమ్మ ఎముక మీద, చెంప ఎముక మీద ఆనాలి. ముక్కు చీదొద్దని వాడికి చెప్పు. మా రోజుల్లో రెండు కళ్ళూ మూసేయమనేవాళ్ళు, ఇప్పుడు బాగున్న కన్ను వదిలేయమంటున్నారు, వాడు తన కాళ్ళతో తను నడవగలడు కదా. మంచి మార్పే. కంట్లో సున్నమో యాసిడో పడితే మాత్రం పూర్తిగా వేరే లెక్క, అప్పుడు వెంటనే 20, 30 నిమిషాలైనా నీళ్ళు ధారగా పోస్తూనే ఉండాలి.

ఇక కడుపు. ఇది మీ తాత కథ, మీ అమ్మ నీకు చెప్పి ఉండదు.

నేను సంక్రాంతికి లీవులో వచ్చిన ఏడాది, చంద్రగిరి వైపు ఒక ఊళ్ళో పశువుల పండగ. ఎద్దు ఒక కుర్రాణ్ణి కుమ్మేసింది, పేగులు బయటికొచ్చాయి. నేను గుంపుని తోసుకుని వెళ్ళేసరికి మా నాయన మోకాళ్ళ మీద కూర్చుని ఆ పేగుల్ని చేత్తో లోపలికి తోసేసి, తన తలగుడ్డ విప్పి బిగించి కట్టేసి, గోలీసోడా తాగిస్తున్నాడు. ఏం అనగలను? అందరికన్నా ముందు ఉరికింది ఆయనే. అంతమందీ కడుపు వైపే చూస్తున్నారు, కుర్రాడేమో తెల్లగా పాలిపోతున్నాడు, ఆ తలగుడ్డకి అంటిన రక్తం చూస్తే అంత పాలిపోయేటంత లేదు. లుంగీ కింద చెయ్యి పెడితే వెచ్చగా తడి. తొడ లోపలి వైపు రెండో పోటు. ఎవరూ చూడలేదు. గజ్జల్లో పిడికిలి గుచ్చి తిరుపతి దాకా జీపులో అలాగే నొక్కిపట్టుకుని పోయా.

చూడటానికి భయంకరంగా ఉన్నదే ముందు చంపుతుందని లేదురా. పేగు బయటపడినా టైము ఉంటుంది, తొడలో రక్తనాళం తెగితే నిమిషాలే. ముందు ఆగకుండా కారే రక్తం, తర్వాత ఊపిరి, మిగతావన్నీ ఆ తర్వాతే. 1996లో అమెరికా మిలిటరీ డాక్టర్లు రాసిపెట్టిన పద్ధతిలోనూ చేతికాళ్ళ రక్తం ఆపడానికే పెద్ద పీట.

బతికాడు. కానీ పేగులతోపాటు మట్టి లోపలికి పోయి చీముపట్టి మళ్ళీ కోయాల్సి వచ్చింది, కడుపులో సోడా ఉందని మత్తు డాక్టర్ తల పట్టుకున్నాడు. అందుకే చెప్తున్నా, పేగుల్ని బలవంతంగా తోయకు, శుభ్రమైన గుడ్డ సెలైన్‌తో తడిపి కప్పు, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ వెయ్యి, కట్టు జారకుండా ఉంటే చాలు. మోకాళ్ళు మడిచి పడుకోబెడితే కడుపు కండరాలు సడలుతాయి. దాహం అని బతిమాలతాడు, పెదాలు తడుపు, అంతే. దుప్పటి కప్పు, ఒళ్ళు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు. కడుపు మీద చిన్న కంతే కదా అనుకోకు, వెనక్కి తిప్పి నడుము, పిరుదులు కూడా చూడు.

మా నాయన బతికున్నన్నాళ్ళూ కనుమ నాడు ఆ కుర్రాడి ఇంటికి పోయి కాసేపు కూర్చుని వచ్చేవాడు. ఎందుకని ఎవరైనా అడిగితే కసిరేవాడు. నీకు ఆయన చేతులే వచ్చాయిరా, పెద్దవి, తొందరపడేవి.

ఇంకొకటి. హెల్మెట్ లేకుండా తిరుపతికి బైక్ మీద పోతున్నావని మీ అత్త కళ్ళారా చూసింది. పైన తల గురించి అంత రాసింది నీ తలకి కూడా వర్తిస్తుంది. ఆదివారం ఇంటికి రా, బండి తాళం నాకిచ్చి, మళ్ళీ బస్సులో పో.

మీ మామ