రాజా పోయాడా, పోయిందా?

సందేహం: పదకొండేళ్లుగా మా ఇంట్లో ఉన్న ముధోల్ వేటకుక్క రాజా పోయిన నెలలో పోయాడు. అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన ‘మా రాజా కన్నుమూశాడు’ అని కాగితం అంటించాను. మర్నాటికి ఎవరో ‘కన్నుమూశాడు’ కొట్టేసి, పైన ఎర్ర పెన్నుతో ‘చచ్చిపోయింది’ అని దిద్దారు. కుక్కకి ‘డు’ వాడటం తప్పా? వేటకుక్కని జాగిలం అనవచ్చా, ఆ మాట పోలీసు కుక్కలకేనా? ఇప్పటికీ తెల్లవారుజామున ఐదింటికి మెలకువ వచ్చి తలుపు వెనక గొలుసు కోసం తడుముకుంటున్నాను. దీన్ని తెలుగులో ఏమంటారు?
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం

సమాధానం: ఎర్ర పెన్ను పట్టినాయన వ్యాకరణం చదివారు, కాగితం మాత్రం సరిగ్గా చదవలేదు. కుక్క అమహద్వాచకం, అంటే మగవాళ్లని చెప్పే మాట (మహద్వాచకం) కాదు కాబట్టి క్రియకి ‘డు’ రాదు, నిజమే. ‘మా కుక్క కన్నుమూశాడు’ అని మీరు రాసి ఉంటే నేనూ దిద్దేవాణ్ణి. మీరు రాసింది ‘రాజా’ అని. పేరు పెట్టి పిలిచాక జంతువుకి మహద్వాచకపు మర్యాద ఇవ్వడం మన భాషకి కొత్త కాదు. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరే నీతిచంద్రికలో ఎలుకని హిరణ్యకుడన్నాడు, నక్కలని కరటక దమనకులన్నాడు. ఎలుకకి దక్కిన ‘డు’ పదకొండేళ్లు మీ గుమ్మం కాసినవాడికి దక్కకూడదా? నేనూ కొన్నాళ్లు విశాఖలో ఉన్నవాణ్ణే. మీ వీధిలోకి చేపలు తెచ్చే ఆవిడని కదిపి చూడండి, ‘మీవోడు పోనాడేటి బాబూ’ అంటుందే తప్ప లింగం దగ్గర ఆగదు.

ఇక ‘చచ్చిపోయింది’ తప్పు మాటేమీ కాదు. చచ్చు అచ్చతెలుగు ధాతువు. ‘కుక్కచావు’ లాంటి మాటల వల్ల దానికి కాస్త కరుకుదనం అంటుకుంది, అంతే. చనిపోవడంలో ఉన్న ‘చను’కి వెళ్లడమని అర్థం. వెళ్లిపోవడానికి మనిషే అయి ఉండాలని ఎక్కడా లేదు. నాకు చిరాకు తెప్పించేది వేరే ఉంది. ఈమధ్య ‘మా డాగీ పాస్ అవే అయ్యాడు’ అంటున్నారు. ఇన్ని మాటలున్న భాషలో చావుకి కూడా అప్పు తెచ్చుకోవాలా?

ఇంకా పెద్ద సాక్ష్యం నన్నయ. ఆదిపర్వం మొదట్లోనే జనమేజయుడు దీర్ఘసత్రం (చాలాకాలం సాగే యాగం) చేస్తుంటే ఒక కుక్కపిల్ల ఆడుకుంటూ అటు వచ్చింది. రాజుగారి ముగ్గురు తమ్ముళ్లూ దాన్ని పట్టుకుని కొట్టారు. ఆ పిల్లని ఆదికవి ఏమన్నాడో చూడండి: ‘సారమేయుండను కుర్కురకుమారుండు’. రెండుచోట్లా ‘ండు’! దెబ్బలు తిన్న పిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. ఆ తల్లి సరమ, దేవలోకపు కుక్క. నేరుగా సభకి వచ్చి రాజుని నిలదీసి ఈ పద్యం చెప్పింది:

తగునిది తగదని యెదలో
వగవక సాధులకుఁ బేదవారల కెగ్గుల్
మొగిఁ జేయు దుర్వినీతుల
కగు ననిమిత్తాగమంబు లయిన భయంబుల్

మంచివాళ్లకీ బీదవాళ్లకీ కీడు చేసే పొగరుబోతులకి, కారణం కనపడకుండానే భయాలు వచ్చి మీద పడతాయని భావం. నీతిపద్యమని బడిలో బట్టీ పట్టించారు కానీ, అది చెప్పింది ఒక తల్లికుక్క అని ఎంతమంది మాష్టార్లు చెప్పారు?

అందులో ‘వగవక’ దగ్గర ఆగండి. ఇవాళ వగచడం అంటే ఏడవడం. ఆ అర్థం ఇక్కడ పెడితే పద్యం కుంటుతుంది. తగునో తగదో అని మనసులో వగవక, అంటే ఆలోచించక. పాత తెలుగులో వగచు అంటే తలచడమూ అవును, దుఃఖించడమూ అవును. ఇదొక్కటే అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. విచారం చూడండి. సంస్కృతంలో అది ఆలోచన. మన దగ్గరికి వచ్చేసరికి ‘విచారంగా ఉన్నాడు’ అంటే దిగాలుగా ఉన్నాడని. పోలీసులు ‘విచారిస్తే’ మాత్రం మళ్లీ పాత అర్థం. చింతదీ అదే దారి. తలుపు వెనక మీ చెయ్యి గొలుసు వెతికినప్పుడు, అది తలపో ఏడుపో మీరు విడదీసి చెప్పగలరా? తెలుగువాడు చెప్పలేకపోయాడు. రెంటికీ కలిపి ఒక్క మాటే పెట్టుకున్నాడు, వగపు అని. ఈ మాటని ఇప్పుడు పద్యాల్లో తప్ప ఎవరూ ముట్టుకోవడం లేదు.

సరమని వదిలి రాబుద్ధి కావడం లేదు కానీ, వేటకుక్క సంగతి కూడా అదే పర్వంలో ఉంది. పాండవులు వేటకి వెళ్లినప్పుడు వాళ్ల కుక్క మొరిగితే, ఏకలవ్యుడు దాని నోట్లో ఏడు బాణాలు నాటాడు. బాణాల నేర్పు చూసి అర్జునుడు బెంగపడ్డాడు, గురువు బొటనవేలు అడిగాడు. ఆ కుక్క ఏమైందో ఎవరూ అడగలేదు.

జాగిలానికి వస్తే, అది వేటకుక్కే, నిస్సంకోచంగా వాడండి. మన పత్రికలవాళ్లు దాన్ని పోలీసు కొలువులో చేర్చి, ఇంకెక్కడా కనపడనివ్వడం లేదు. అమరకోశం వేటలో నేర్పున్న కుక్కని విశ్వకద్రువు అంది, అది మీ కాగితం మీద నప్పదు. నప్పేది కౌలేయకం. పాణిని 4-2-96 సూత్రంలో కులం (ఇల్లు, వంశం), కుక్షి (పొట్ట), గ్రీవ (మెడ) అనే మూడు మాటలకి ఒక ప్రత్యయం చెప్పి, వరసగా కుక్క, కత్తి, నగ అనే అర్థాల్లోనే వస్తుందన్నాడు. కుక్షి పక్కన వేలాడేది కౌక్షేయకం, మెడలోది గ్రైవేయకం, ఇంటిది కౌలేయకం. ఇంట్లో పుట్టినవాళ్లు ఎంతమంది ఉన్నా ఆ రూపం కుక్కకే. (మీ ముధోల్ కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లాది, మన నిర్మల్ జిల్లా ముధోల్ కాదు. 2005లో తపాలా శాఖ ఆ జాతికి బిళ్ల కూడా వేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట ఎక్కడిది, మీవాడు తరిమినవి ఆర్కే బీచ్ పీతలే అయి ఉంటాయి.)

‘స్వర్గస్థుడయ్యాడు’ అనవచ్చా అని మీరు అడగలేదు, ఎవరో ఒకరు అడుగుతారు. కుక్కని వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథతోనే భారతం ముగింపుకి వస్తుంది కాబట్టి వద్దనడానికి నోరు రాదు, రాయమనడానికి చెయ్యి రాదు. ‘కన్నుమూశాడు’ చాలు, అలాగే ఉంచండి.

ఐదింటి మెలకువకి నేనైతే వగపు అంటాను. సంతాపం సభల్లో తీర్మానాలకి, శోకం కావ్యాలకి. మీ ఇంట్లో ఆడవాళ్లు దీన్ని ‘బెంగ పెట్టుకున్నాడు’ అనే ఉంటారు. వాళ్ల మాటే రాయండి.