160 క్రెడిట్ల కోర్సులో సగం ముగిసేసరికి 7.2 సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల గ్రేడు పాయింట్ల సగటు) ఉంది. చివరికి 8 అందుతుందా?

అందుతుంది. అయితే ఇకపై సెమిస్టరుకు 8 చొప్పున తెచ్చుకుంటే మాత్రం చాలదు. మీరు చెప్పిన ప్రకారం 160 క్రెడిట్లలో (క్రెడిట్ అంటే సగటులో సబ్జెక్టుకుండే బరువు) 80 అయిపోయాయి. 80ని 7.2తో హెచ్చిస్తే 576 పాయింట్లు మీ ఖాతాలో ఉన్నట్టు. చివరికి 8 నిలవాలంటే 160 × 8 = 1280 కావాలి. లోటు 704. దాన్ని మిగిలిన 80 క్రెడిట్లతో భాగిస్తే 8.8. పది పాయింట్ల విధానంలో ఇది కష్టమే, కానీ అసాధ్యమేమీ కాదు.

నేను ఇదే 7.2తో 120 క్రెడిట్ల దగ్గర ఉన్నప్పుడు ఈ లెక్క వేశాను. 8 కావాలంటే మిగిలిన 40 క్రెడిట్లలో 10.4 రావాలని తేలింది. పదికి మించి ఎవరిస్తారు? దాంతో 8 ఆశ వదులుకుని 7.5 అనుకున్నాను. దానికి 8.4 సరిపోతుంది. 8.5 వచ్చింది, గట్టెక్కాను.

సెమిస్టర్ల సగటులను కూడి, సెమిస్టర్ల సంఖ్యతో భాగించే అలవాటు చాలామందికి ఉంది. అది తప్పు. 24 క్రెడిట్ల సెమిస్టరులో 7, 16 క్రెడిట్ల సెమిస్టరులో 9 వస్తే సీజీపీఏ 8 కాదు, 7.8. ఎక్కువ క్రెడిట్లున్న సెమిస్టరు సగటును తన వైపు లాగుతుంది.

అసలు పని సెమిస్టరు లోపల ఉంటుంది. నోటుపుస్తకం చివరి పేజీలో నేను నాలుగు గడులు గీసుకునేవాణ్ణి: సబ్జెక్టు, క్రెడిట్లు, ఇప్పటి మార్కులతో రాగల గ్రేడు, పై గ్రేడుకు ఇంకా కావలసిన మార్కులు. ఇంటర్నల్స్ పడ్డ ప్రతిసారీ చివరి గడి కొట్టేసి మళ్ళీ రాసేవాణ్ణి. ఒకసారి 4 క్రెడిట్ల గణితంలో పై గ్రేడుకు మూడు మార్కులే తక్కువని తేలింది. అదే సెమిస్టరులో నాకు ఎంతో ఇష్టమైన 2 క్రెడిట్ల ల్యాబులో తొమ్మిది మార్కులు తక్కువ. 20 క్రెడిట్ల సెమిస్టరులో గణితం ఒక మెట్టు ఎక్కితే ఎస్‌జీపీఏ (ఆ ఒక్క సెమిస్టరు సగటు) 0.2 పెరుగుతుంది, ల్యాబు ఎక్కితే 0.1. మనసు ల్యాబు వైపు లాగినా చివరి వారాలు గణితానికే ఇచ్చాను.

గ్రేడు మధ్యలో హాయిగా కూర్చున్న సబ్జెక్టు మీద రాత్రుళ్ళు మేల్కొనడం, నన్నడిగితే, సీజీపీఏ కోసమైతే దండగ. విషయం మీద ఇష్టంతో చదివితే అది వేరే సంగతి.

బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉంటే ముందు మీ కోర్సు నిబంధనలు చదవండి. తిరిగి రాసినప్పుడు కొన్నిచోట్ల పాత గ్రేడు తీసేసి కొత్తది వేస్తారు, కొన్నిచోట్ల రెండూ లెక్కలోకి వస్తాయి. పాస్, ఫెయిల్ అని మాత్రమే ఇచ్చే కోర్సుల క్రెడిట్లు సాధారణంగా సగటులో చేరవు, వాటిని 160లోంచి తీసేశాకే పై లెక్క వేయాలి. నాలుగు పాయింట్ల విధానంలోకి మార్చాల్సి వస్తే 10ని 4తో నిష్పత్తి కట్టకండి. దరఖాస్తు చేసే సంస్థ చెప్పిన పద్ధతే వాడాలి.

ఎలక్టివ్ ఎంపిక ఇంకా మిగిలి ఉంటే రిజిస్ట్రేషను గడువులోపే ఈ 8.8ను ఎదురుగా పెట్టుకుని ఎంచుకోండి.