పని పంచేముందు దిద్దే టైమ్ ఉందో లేదో చూసుకోండి

ప్రశ్న: తిరుపతిలో ఎం.ఏ. జర్నలిజం చివరి ఏడాది చదువుతున్నాను. రెండేళ్లుగా ఫ్రీలాన్స్‌గా ఇంగ్లిష్ ఆర్టికల్స్‌ను తెలుగులోకి అనువదిస్తున్నాను. ముగ్గురు క్లయింట్లున్నారు. రాత్రి రెండింటి దాకా కూర్చున్నా పని తెమలడం లేదు. రెండు నెలల్లో పరీక్షలు. ఇద్దరు జూనియర్ అమ్మాయిలు సాయం చేస్తామంటున్నారు. వాళ్లకు పని ఇవ్వవచ్చా? ఎంత ఇవ్వాలి? క్లయింటుకు చెప్పాలా?

జవాబు: ఇవ్వండమ్మా. కానీ ఒకేసారి ఇద్దరు వద్దు, ఒకరితో మొదలుపెట్టండి. అదీ ఈ వారంలోనే. మనిషిని పెట్టుకున్న మొదటి నెల పని తగ్గదు, పెరుగుతుంది. నేర్పాలి, దిద్దాలి, మళ్లీ రాయించాలి. పరీక్షలు నెత్తిమీదికి వచ్చాక ఇది పెట్టుకుంటే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

దిద్దడం ఎంత పనో ఒక్క వాక్యంతో చెబుతాను. మందు సీసా మీది ఇంగ్లిష్ హెచ్చరికను కొత్తగా రాసేవాళ్లు ‘ఈ ఔషధమును పిల్లల చేరువ నుండి దూరముగా ఉంచవలెను’ అని రాసుకొస్తారు. అర్థమవుతుంది గానీ, ఏ ఇంట్లోనూ ఎవరూ అలా అనరు. ‘ఈ మందు పిల్లలకు అందకుండా పెట్టండి’ అంటే చాలు. మీరు మార్చేసి ఊరుకుంటే రేపు అలాంటివే ఇంకో పది వస్తాయి. ఎందుకు మార్చారో పక్కన రెండు ముక్కలు రాసి పంపండి, ఆ అమ్మాయి త్వరగా పట్టుకుంటుంది. మీరు వాడే మాటల పట్టిక కూడా ఒకటి ఇవ్వండి. ఒకే ఆర్టికల్‌లో ఒకచోట రుణం, ఇంకోచోట అప్పు, మరోచోట లోన్ అని ఉంటే చదివేవాళ్లు తికమకపడతారు.

రేటు సంగతి. క్లయింటు పదానికి రూపాయి ఇస్తున్నారనుకుందాం. వెయ్యి పదాలకు వెయ్యి రూపాయలు. ఆ అమ్మాయికి 60 పైసల చొప్పున 600 ఇస్తే మీకు 400 మిగులుతుంది. దిద్దడానికి గంట పడితే లాభమే. మూడు గంటలు పడితే మీరే రాసుకోవడం మేలు. అందుకే మొదటి నాలుగైదు ఆర్టికల్స్‌కు ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోండి. అలాగని రేటు తెగ్గోయకండి. 20 పైసలిస్తే మెషిన్ అనువాదం తెచ్చి మీ చేతిలో పెడతారు. శాంపిల్ రాయించినా దానికి డబ్బివ్వండి. ‘క్లయింటు ఇచ్చాక ఇస్తా’ అని మాత్రం అనకండి. మీ బిల్లు ఆలస్యమైతే అది ఆ అమ్మాయి తప్పు కాదు. నెలకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకున్నాకే పని అప్పగించండి.

క్లయింటుకు చెప్పి తీరాలి. ఒకప్పుడు నేను చెప్పకుండా ఒక స్నేహితుడితో రాయించాను. భాష తేడా వాళ్లు ఇట్టే పట్టేశారు. ఆ ఆర్టికల్ పోతే పోయింది, అంతకుముందు నేనే రాసినవాటినీ అనుమానించారు. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీ ఒప్పందంలో పని బయటివాళ్లకు ఇవ్వకూడదని ఉందేమో ముందు చూడండి. ఉంటే ఆ క్లయింటు పని మీరే చేయాలి.

చాలామంది వదిలేసేది కాపీరైట్. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఫ్రీలాన్సర్ రాసినదానికి హక్కుదారు ఆ రాసిన మనిషే. డబ్బిచ్చినంత మాత్రాన హక్కు మీది కాదు. సంతకంతో రాతపూర్వకంగా బదిలీ చేయించుకోవాలి. అందులో ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అనుకుంటారు, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. ఈ రెండూ రాయించిన ఒక పేజీ కాగితం చాలు.

డబ్బు యూపీఐలోనో బ్యాంకులోనో పంపండి, ఖర్చు కింద చూపడానికి ఆధారం ఉంటుంది. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేని రాబడి పరిమితి ఏడాదికి 20 లక్షలు. మీరు ఇప్పుడే టెన్షన్ పడక్కర్లేదు గానీ, మీ పేరున బిల్లు వేసిందంతా మీ లెక్కలోకే వస్తుందని గుర్తుంచుకోండి, అందులో సగం జూనియర్లకు పోయినా సరే.

ఇక పరీక్షలు. ముగ్గురు క్లయింట్లలో ఎక్కువ సతాయించి తక్కువ ఇచ్చేవాళ్లు ఒకరు ఉండే ఉంటారు. వాళ్లకు ఈ నెలాఖరుతో ఆపేస్తానని చెప్పండి, ఒప్పుకుంటే మీ రెండో జూనియర్‌ను నేరుగా పరిచయం చేయండి. మిగతా ఇద్దరికీ పరీక్షల తేదీలు ఇప్పుడే మెయిల్ చేసి, ఆ రోజుల్లో కొత్త పని తీసుకోనని రాయండి.