గ్యాస్ బిళ్ల వేసుకుంటే నొప్పి బిళ్ల రోజూ వాడొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 58 ఏళ్లు, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిపి ఉన్న బిళ్ల వాడుతుంది. మోకాళ్ల నొప్పులని మెడికల్ షాపులో అడిగి ఎసిక్లోఫెనాక్-పారాసిటమాల్ తెచ్చుకుని రెండు నెలలుగా పొద్దునా రాత్రీ వేసుకుంటోంది. పరగడుపున గ్యాస్ బిళ్ల పాంటాప్రజోల్ వేసుకుంటున్నా కదా ఏం కాదులే అంటుంది. ఈమధ్య పాదాలు వాస్తున్నాయి. మాన్పించాలా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మాన్పించండమ్మా, ఈరోజే. ఆపాల్సింది నొప్పి బిళ్లని, బీపీ బిళ్లని మాత్రం సొంతంగా ఆపొద్దు.

ఒంట్లో నొప్పిని, వాపుని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవకుండా ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఆపుతాయి, అందుకే హాయిగా అనిపిస్తుంది. కానీ కడుపు లోపలి పొరని కాపాడేదీ, కిడ్నీలకి రక్తం సరిగ్గా అందేలా చూసేదీ కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. పాంటాప్రజోల్ కడుపులో పుండు పడకుండా కాస్త అడ్డుపడుతుంది అంతే, కిడ్నీలకి దానివల్ల ఏ రక్షణా లేదు. పైగా అమ్మగారి బీపీ బిళ్లలో ఉన్న రెండు మందులకి ఇది మూడోదిగా తోడైతే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు, ఎండాకాలం చెమటలు పట్టినా విరేచనాలైనా ఇంకా ప్రమాదం. పాదాల వాపు కూడా దీనివల్లే అయ్యుండొచ్చు, బీపీ కూడా పెరుగుతుంది. ఈ వారంలోనే బీపీ చూపించి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), పొటాషియం, యూరిన్ టెస్టులు చేయించండి.

ఇవి చెడ్డ మందులని నేను అనను. కాలు బెణికినా, పన్ను నొప్పికైనా, నెలసరి నొప్పికైనా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నాలుగు రోజులు తిన్నాక వేసుకుంటే బాగా పనిచేస్తాయి. కీళ్లవాతానికి మేమే రాస్తాం, కాకపోతే టెస్టులు చూసుకుంటూ. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో మాత్రం అస్సలు వద్దు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

షాపులో ఎవరైనా కడుపుకి మంచిదని ఎటోరికాక్సిబ్ అనే నొప్పి బిళ్ల ఇస్తే తీసుకోకండి, కిడ్నీకి అదీ ఇంతే, బీపీ ఉన్నవాళ్లకి ఇంకా ఇబ్బంది. ఆ జాతిదే రోఫెకాక్సిబ్ గుండెపోట్ల వల్ల 2004లో మార్కెట్ నుంచి పోయింది.

మోకాళ్లకి డైక్లోఫెనాక్ జెల్ రాయండి, రక్తంలోకి చాలా తక్కువ వెళ్తుంది, అయినా క్రియాటినిన్ రిపోర్టు వచ్చాక డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి. కుర్చీలో కూర్చుని కాలు చాపి తొడ బిగించే వ్యాయామం రోజూ చేయించండి, బరువు ఉంటే తగ్గించాలి. మలం నల్లగా తారులా వచ్చినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా టెస్టుల దాకా ఆగకుండా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.