చలికాలం కరెంట్ బిల్లు ఎందుకంత వస్తోంది? అమెరికా వచ్చిన మన గుంటూరు, బెజవాడ పిల్లలకి

జనవరి వచ్చిందంటే కొత్తగా వచ్చిన పిల్లలు అడిగేది ఒకటే, అన్నా హీటర్ తక్కువలోనే పెట్టుకుంటున్నాం అయినా ఇంత బిల్లేంటి అని. మనది బ్రాడీపేట అయినా పటమట అయినా ఏసీ గురించి ఎంతైనా చెప్తాం గానీ ఇల్లు వెచ్చబెట్టుకునే పని మనకెప్పుడూ పడలేదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు మీ ఇంట్లో ఉన్నది గ్యాస్ మండించి వేడిగాలి పంపే ఫర్నేసా, హీట్ పంపా, గోడ వారన ఉండే బేస్‌బోర్డ్ హీటరా అనేది లీజింగ్ ఆఫీసులో అడగండి, ఇది తెలీకుండా ఎవరి సలహా విన్నా దండగే. హీట్ పంప్ అంటే మన స్ప్లిట్ ఏసీనే తిరగేసి నడపడం, బయట గాల్లో ఉన్న వేడిని లాగి లోపలికి తెస్తుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుకి రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. బేస్‌బోర్డ్, రూమ్ హీటర్ అయితే ఒకటికి ఒకటే. 1500 వాట్ల రూమ్ హీటర్ రాత్రి పది గంటలు ఆగకుండా నడిస్తే 15 యూనిట్లు, నెలకి 450, లెక్క మీరే వేసుకోండి.

హీట్ పంప్ ఉన్నవాళ్ళు పొద్దున ఆఫీసుకెళ్తూ 58 డిగ్రీలకి (ఇక్కడన్నీ ఫారెన్‌హీట్ లెక్కే) దించేసి సాయంత్రం రాగానే 72కి పెంచుతారు, అక్కడే దెబ్బ పడేది. అంత తేడా ఒక్కసారి అందుకోలేక లోపలున్న కాయిల్ హీటర్ ఆన్ అవుతుంది, వేడి సెట్ చేసే థెర్మోస్టాట్ మీద ఆక్స్ హీట్ (అదనపు వేడి) అని కనపడుతుంది చూడండి, అదే బిల్లు పెంచేది. కాబట్టి 68 దగ్గర పెట్టి వదిలేయండి, మహా అయితే రెండు డిగ్రీలు దించండి. ఎమర్జెన్సీ హీట్ అనే బటన్ మెషిన్ పాడైతే తప్ప ముట్టుకోవద్దు. గ్యాస్ ఫర్నేస్ వాళ్ళకి మాత్రం దించడమే లాభం, రోజుకి ఎనిమిది గంటలు 7 నుంచి 10 డిగ్రీలు తగ్గిస్తే ఏడాదికి 10 శాతం దాకా మిగులుతుందని అమెరికా ఇంధన శాఖే చెప్తుంది. ఇంకోటి, ఊరి నుంచి అమ్మానాన్న వస్తే చలికి ఓర్చుకోలేక 80కి తిప్పేస్తారు, తొందరగా వేడెక్కుతుందని. అలా ఎక్కదు నాన్నా, పట్టే టైమ్ తగ్గదు, పైగా ఎక్కువసేపు నడుస్తుంది అని నెమ్మదిగా చెప్పండి, వాళ్ళ గదిలో ఇంకో దుప్పటి పెట్టండి.

నా మాట వింటే మెషిన్ కంటే ముందు సందులు చూడండి. గాలి బాగా వీచే రోజు అగరొత్తి వెలిగించి తలుపు కింద, కిటికీ అంచుల దగ్గర, కర్టెన్లకి తగలకుండా పట్టుకోండి, పొగ ఊగిపోతోందంటే అక్కడినుంచి మీ డబ్బు బయటికి పోతున్నట్టే. అద్దె ఇల్లయితే మెయింటెనెన్స్ వాళ్ళకి రాసి పెట్టండి, మొహమాటపడొద్దు, తలుపు రబ్బరు మార్చడం వాళ్ళ పనే. సొంతిల్లు కొన్నవాళ్ళు కొత్త మెషిన్ కంటే ముందు అటక మీద ఇన్సులేషన్, అటక తలుపు చూసుకోండి. హీట్ పంప్‌కీ ఇన్సులేషన్‌కీ ఉండే ఫెడరల్ టాక్స్ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో అయిపోయింది, కాబట్టి మీ కరెంట్ కంపెనీ ఏమైనా రిబేట్ ఇస్తోందేమో అడగండి, చాలా చోట్ల ఇంటికొచ్చి కరెంటు ఎక్కడ వృథా అవుతోందో చూసే ఆడిట్ కూడా చేస్తారు.

ఎండాకాలం సంగతి మనకి కొత్త కాదు. బెజవాడలో అమ్మలు పదకొండింటికే పడమటి కిటికీలు మూసి పరదాలేస్తారే, టెక్సాస్‌లోనూ అదే చేయండి. ఫ్యాన్ వేసుకుని ఏసీ 78లో పెట్టండి, అంటే మన 25, 26. ఫ్యాన్ మనిషికే గానీ గదికి చలవ చేయదు, బయటికొచ్చేటప్పుడు ఆపేయండి. ఫిల్టర్ నెలకోసారి తీసి చూడండి, దుమ్ము పట్టి ఉంటే మార్చేయండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, రూమ్ హీటర్‌ని ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టొద్దు, మంటలు లేస్తాయి. వేడి కోసమని గ్యాస్ ఓవెన్ వెలిగించి తలుపు తీసి ఉంచొద్దు, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంట్లో దాని అలారం లేకపోతే ఈ రోజే కొని పెట్టండి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ.